పిలిస్తే లేచే తెర

ఆ ఆఫీసులో అతణ్ణి అందరూ ఆపరేటర్ గారనే పిలుస్తారు. టెలిఫోన్ బోర్డును గోడ నుంచి ఊడబీకి తొమ్మిదేళ్లు దాటినా ఆ పిలుపు మారలేదు. నగరానికి మంచినీళ్లు పంపే సంస్థ అది. మొదటి అంతస్తులో మెట్లు ఎక్కగానే ఎడమచేతి వైపు ఓ ఇరుకు గది ఉండేది. అందులో నలభై లైన్ల బోర్డు ముందు అతను ఇరవై రెండేళ్లు కూర్చున్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. అంధుల బడిలో టైపూ, టెలిఫోను పనీ నేర్పి పంపారు. చేరిన నెల తిరక్కుండానే ఆఫీసు మొత్తం గొంతులుగా కంఠతా వచ్చేసింది. స్టోర్సు గుమాస్తా హలో అనకముందు ఓసారి ముక్కు ఎగబీలుస్తాడు. పంపుహౌసు మేస్త్రీ మోటారుతో పోటీపడి అరుస్తాడు. డ్రాయింగు హాల్లో అందరికంటే సీనియరైన పెద్దక్క అవతల ఉన్నది ఎంతటివాళ్లైనా సరే, "చెప్పు" అంటూ మొదలెడుతుంది.

బోర్డు తీసేసి బల్లకో ఫోను పెట్టించినప్పుడు అప్పటి అధికారి మంచివాడే, భుజం తట్టి చెప్పాడు. "మీ ఉద్యోగానికేం ఢోకా లేదండీ. రోజూ వచ్చి కూర్చుని వెళ్లండి, చాలు."

మూడు వారాలు అలాగే వచ్చి కూర్చుని వెళ్లాడు. మూడో శుక్రవారం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ భార్యతో అన్నాడు.

"ఇవాళ నేనేం పని చేశానో తెలుసా? రెండుసార్లు టీ తాగాను."

ఆమె ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషను ఆపకుండానే జవాబిచ్చింది. "రేపట్నించి మూడుసార్లు తాగండి. పని పెరుగుతుంది."

అతను నవ్వలేదు. అప్పుడామె మిషను ఆపింది.

"అది కాదండీ, కింద కంప్యూటర్ల గదిలో ముసలాయన ఒకడున్నాడని, ఎప్పుడూ తనలో తనే గొణుక్కుంటుంటాడని మీరే అంటారుగా. పోయి ఆయన పక్కన కూర్చోండి. ఆయనకి వినేవాడు దొరుకుతాడు, మీకు పని దొరుకుతుంది."

ఆ ముసలాయనను ఆఫీసులో సర్వర్ బాబాయి అంటారు. సంస్థ పెద్ద కంప్యూటరుని, అంటే సర్వర్ని, చూసుకునేవాడు ఆయనొక్కడే. మర్నాడే ఆపరేటరు గోడ పట్టుకుని కిందికి దిగి ఆ చల్లటి గదిలో కుర్చీ వేసుకున్నాడు. బాబాయి ముందు విసుక్కున్నాడు, తర్వాత అలవాటు పడ్డాడు, నెల తిరిగేసరికి అతను రాకపోతే మెట్ల దాకా వచ్చి చూసే స్థితికొచ్చాడు.

"అబ్బాయ్, దీనిలో ఉండేది లినక్స్. దీనికి బొమ్మలతో పనిలేదు. నువ్వు రాసి అడుగు, అది రాసి జవాబు చెప్తుంది. రాసిందాన్ని చదివి వినిపించే గొంతు ఒకటి నీ చెవిలో పెట్టుకున్నావనుకో, నీకూ నాకూ తేడా ఏముంది?"

తేడా లేకపోలేదు. బాబాయి ఒక్క చూపులో పట్టే యాభై లైన్లను అతను ఒక్కొక్కటిగా వినాలి. కానీ విన్నది మర్చిపోడు. చెవిలో గొంతు వేగాన్ని ఎంత పెంచుకున్నాడంటే పక్కనున్నవాళ్లకి అది ఈగ రొదలా వినిపించేది. రెండేళ్లకు ఆ మిషను అతనికి కొట్టిన పిండి అయింది. ఫ్యాను చప్పుడు విని లోపల ఎంత పని నడుస్తోందో చెప్పేవాడు. బాబాయి రిటైరవుతూ గది తాళాలు అతని చేతిలో పెట్టి, "ఇక దీన్ని నువ్వే చూసుకోవాలి," అని, ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలుసుకుని నాలిక్కరుచుకున్నాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

అలా ఏడేళ్లు గడిచాయి. పటాలు భద్రపరచడం, నకళ్లు తీయడం, మర్చిపోయిన పాస్‌వర్డులు మార్చడం, అంతే పని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అన్నీ సవ్యంగా నడుస్తున్నంత కాలం ఆ గది సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఒక ఆదివారం, రెండు రోజుల ముసురు తర్వాత, డ్రాయింగు హాలు పైకప్పు కూలింది. సెలవు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ హాల్లోనే పద్నాలుగు మంది కూర్చుని నగరం కిందున్న గొట్టాల పటాలు గీస్తారు. ఏ వీధిలో ఎంత లోతున ఏ సైజు గొట్టం ఉంది, ఎక్కడ వాల్వు ఉంది, అన్నీ ఆ పటాల్లోనే. కప్పుతోపాటు పడిన నీళ్లకి పద్నాలుగు కంప్యూటర్లూ పాడైపోయాయి. పటాలన్నీ కింద సర్వర్లో క్షేమంగా ఉన్నాయి. వాటిని గీసే ప్రోగ్రాం కూడా అందులో ఒకటుంది. కానీ అది లినక్సు మీదే నడిచే పాతకాలపు ప్రోగ్రాం. మనుషుల ఇళ్లలో ఉన్న ల్యాప్‌టాపుల్లో పెడితే ఒక్కదానిలోనూ లేవలేదు.

సోమవారం ఉదయం కొత్త ఇంజనీరు అందర్నీ వరండాలో నిలబెట్టి మాట్లాడాడు. హాలు బాగవడానికి నాలుగు నెలలు పడుతుంది. అందాకా ఎవరి ఇంట్లో వాళ్లు పనిచేయాలి. ఎలాగో ఎవరైనా చెప్పాలి.

వెనక స్తంభం పక్క నుంచి ఆపరేటరు అన్నాడు. "రిమోట్ డెస్క్‌టాప్ పెట్టొచ్చు సార్. ప్రోగ్రాం మన సర్వర్లోనే నడుస్తుంది. దాని తెర మాత్రం వాళ్ల ఇళ్లలో కనబడుతుంది. అక్కడ మౌసు కదిపితే ఇక్కడ గీత పడుతుంది."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెనకే స్టోర్సు గుమాస్తా గుసగుస వినిపించాయి. "తెరలు పెడతాడట. తెర అంటే ఎలా ఉంటుందో చూశాడా ఎప్పుడైనా?"

గుసగుసలు అతనికి వినబడవని ఇంకా అనుకునేవాళ్లున్నారంటే అతనికి ఆశ్చర్యమే. పెద్దక్క మాత్రం వెనక్కి తిరిగి, "నువ్వు పెడతావా ఏంటి?" అని గుమాస్తాను గట్టిగానే అడిగింది. ఇంజనీరు ఒక వారం గడువిచ్చాడు.

అతనికున్న చిక్కు అసలు ఎలా పెట్టాలన్నది కాదు. పెట్టాక సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం. మిషను చేసిన ప్రతి పనీ లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. దాన్ని అతను అక్షరం పొల్లుపోకుండా వినగలడు. తెర మీద ఏముందో మాత్రం అందులో రాయదు. అందుకని శనివారం మధ్యాహ్నం ఆఫీసు ల్యాప్‌టాపొకటి ఇంటికి తెచ్చి భార్య ముందు పెట్టాడు. చిట్టా అంతా సవ్యంగా ఉంది. డెస్క్‌టాపు లేచిందని మిషను చెబుతోంది.

"ఏం కనిపిస్తోంది?"

"బూడిద రంగు."

"ఇంకా?"

"ఇంకేం లేదండీ. బూడిద రంగు గుడ్డ పరిచినట్టుంది. దగ్గరగా చూస్తే సన్నటి చుక్కల నేత. మధ్యలో నల్ల ఇంటూ గుర్తు. నేను చెయ్యి కదిపితే అదీ కదులుతోంది."

"కిటికీలు, బొత్తాలు, పైన పట్టీ లాంటిది ఏమన్నా..."

"ఉంటే చెప్పనా? పరీక్షలో తప్పిన పిల్లాడి జవాబు పత్రంలా ఉంది. అంతా ఖాళీ, మధ్యలో ఓ ఇంటూ."

అతను తల పట్టుకుని రెండు నిమిషాలు కూర్చున్నాడు. తర్వాత వెలిగింది. తెర లేచింది. తెర మీద సామాను పరిచే ప్రోగ్రాంని లేపమని మిషనుకి తను చెప్పనేలేదు. ఇల్లు కట్టి తాళం ఇచ్చినట్టయింది, లోపల కుర్చీ లేదు, మంచం లేదు. ఒక ఫైలు తెరిచి రెండు లైన్లు చేర్చి మళ్లీ లేపాడు.

"అమ్మో!" అందామె. "నీలం వచ్చింది. కింద పట్టీ వచ్చింది. గడియారం కూడా ఉంది, నాలుగుంపావు."

"పటాల ప్రోగ్రాం నొక్కు."

ఆమె నొక్కింది. గొంతు మారింది. "ఇన్ని గీతలా? ఇవన్నీ మన కాళ్ల కిందే ఉన్నాయా?" తమ వీధి దొరికేదాకా ఆమె ల్యాప్‌టాపు వదల్లేదు. వీధి మలుపులో ఉన్న వాల్వును కనిపెట్టి, ఇంటి గొట్టం దాని నుంచి ఎటు మళ్లుతుందో అతని అరచేతి మీద వేలితో గీసి చూపించింది.

సోమవారం పది గంటలకు పద్నాలుగు మందీ ఇళ్ల నుంచి లోపలికొచ్చారు. పదీ పదికి సర్వర్ ఫ్యాను గొంతు పెంచింది. పదీ పన్నెండుకి అతని చెవిలో గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. పదీ పదిహేనుకి మిషను ఊపిరాడక నిలిచిపోయింది. ఆ తర్వాత అరగంట ఫోను మోగుతూనే ఉంది. పద్నాలుగు గొంతులు, ఒకటే ప్రశ్న. అన్నిటికీ అతని దగ్గర ఒకటే జవాబు. "ఒక్క నిమిషం ఆగండి."

తప్పెక్కడుందో సాయంత్రానికి తేలింది. మిషను లేవగానే పద్నాలుగు డెస్క్‌టాపులూ లేచి కూర్చునేలా పెట్టాడు. మనిషి ఉన్నా లేకపోయినా ప్రతి డెస్క్‌టాపూ తన వంతు మెమరీ తినేస్తుంది. దాని మీద అందరూ ఒక్కసారే నగరం పటం మొత్తం తెరిచేసరికి ఉన్న పదహారు జీబీ చాలలేదు.

ఇంజనీరు గదికి పిలిచాడు. "ఆపరేటర్ గారూ, మీ మీద నాకేం కోపం లేదు. కానీ పని ఆగకూడదు కదా. శుక్రవారం దాకా చూస్తాను. కాకపోతే బయటి కంపెనీకి అప్పగిస్తాను."

బయటి కంపెనీ వస్తే ఏం చేస్తుందో అతనికి తెలుసు. కొత్త మిషను అంటుంది, కొత్త మనిషి అంటుంది. మళ్లీ తనకు రోజుకు రెండు టీలు.

మంగళవారం పొద్దున్నే గది తలుపేసుకుని కూర్చున్నాడు. ముందు ఏడేళ్ల చిట్టాలు తీసి ఎవరెవరు ఏ వేళ పనిచేస్తారో విన్నాడు. పద్నాలుగు మందిలో నలుగురు మధ్యాహ్నందాకా వీధుల్లో కొలతలు తీస్తూ ఉంటారు. ఇద్దరు పెందరాళే మొదలెట్టి పెందరాళే ముగిస్తారు. ఏ గంటలో చూసినా నిజంగా పనిచేసేది ఏడెనిమిది మందికి మించరు. మరి మిగతా తెరలు ఎవరి కోసం మేలుకుని ఉండాలి?

ఆ తర్వాత లినక్సు చేతిపుస్తకం వినడం మొదలెట్టాడు. సేవలను, అంటే తెర వెనక నడిచే పనులను, లేపే ప్రోగ్రాం గురించిన అధ్యాయంలో ఒక పేరా దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, చెవిలో గొంతు వేగాన్ని సగానికి తగ్గించుకుని మళ్లీ విన్నాడు. ఏ సేవనూ ముందుగా లేపనక్కర్లేదట. ఆ ప్రోగ్రామే మిషనుకి పర్యవేక్షకుడు, వాడే తలుపు దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటాడట. ఎవరైనా పిలిచినప్పుడే, ఆ పిలుపుకు కావలసిన సేవను లేపి లైను దానికి కలుపుతాడట.

అతను ఒక్కడే ఉన్న గదిలో పైకి నవ్వేశాడు. నలభై లైన్లు, ఒక్క ఆపరేటరు, లైను మోగితేనే కలపడం. ఇరవై రెండేళ్లు తను చేసింది ఇదే. ఎవరో ఎక్కడో కూర్చుని దాన్ని మిషనుకి నేర్పి, దానికో అధ్యాయం కూడా రాసిపెట్టారు.

పద్నాలుగు మందికి పద్నాలుగు పోర్టులు కేటాయించాడు. పోర్టు అంటే మిషనుకి ఉండే తలుపు అనుకోవచ్చు. ప్రతి తలుపుకీ రెండు చిన్న ఫైళ్లు. ఒకటి ఎక్కడ వినాలో చెబుతుంది. రెండోది పిలుపు వస్తే ఏం లేపాలో చెబుతుంది. బయటివాళ్లు చొరబడకుండా ప్రతి లైనూ తాళం పడిన దారిలోంచే వచ్చేలా చూశాడు. బుధవారం భార్య చేత ఇంటి నుంచి పిలిపించాడు. పిలవకముందు మిషన్లో ఒక్క డెస్క్‌టాపూ లేదు. ఆమె నొక్కింది. నాలుగు సెకన్లలో లేచింది. ఆమె మూసింది. అదీ పడుకుంది. చిట్టాలో ఆ రెండు లైన్లూ అతను పదిసార్లు విన్నాడు.

శుక్రవారం ఎవరి వేళకి వాళ్లు మళ్లీ లోపలికొచ్చారు. ఫ్యాను గొంతు కాస్త పెరిగి అక్కడే నిలబడింది. పదకొండింటికి ఇంజనీరు తలుపు తోసుకుని వచ్చి అడిగాడు. "ఏంటి, ఎవరూ ఫోన్ చేయట్లేదు, నడుస్తున్నట్టా?"

"నడిస్తేనే ఎవరూ ఫోన్ చేయరు సార్."

బయటి కంపెనీ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రెండు వారాలు హాయిగా సాగింది. మూడో వారం మంగళవారం, మధ్యాహ్నం భోజనం వేళకు అతని ఫోను మోగింది. ఎత్తితే అవతల ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది.

"ఎవరండీ?"

"నేనే తమ్ముడూ."

పెద్దక్క. చెప్పు అనలేదు.

"పొద్దున్నించి గీసిన వాల్వుల షీటు పోయింది. రెండున్నర గంటల పని. ఒక్కసారి లేచి లోపలికెళ్లి వచ్చేసరికి ఏమీ లేదు. కొత్త తెర, ఖాళీ."

అతను చిట్టా తీసి విన్నాడు. మిషను చెప్పినట్టే చేసింది. లైను తెగింది కాబట్టి డెస్క్‌టాపును మూసేసింది. మూతపడేటప్పుడు అందులో ఉన్న పటాన్ని భద్రం చేయమని ఎవరూ చెప్పలేదు కాబట్టి చేయలేదు. తప్పు మిషనుది కాదు, అక్కదీ కాదు.

"మధ్యమధ్యలో సేవ్ చేసుకోమని చెప్తే సరిపోతుందిగా," అన్నాడు స్టోర్సు గుమాస్తా, విషయం తెలిసి. అది చాలా సులువైన జవాబు. అతనికెందుకో సంతృప్తి కలగలేదు. పెద్దక్క ముప్పై ఏళ్లుగా పటాలు గీస్తోంది. సేవ్ చేయడం తెలియని మనిషి కాదు. మర్నాడు సగం రోజు సెలవు పెట్టి, బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ ఆమె ఇల్లు పట్టుకున్నాడు.

"నువ్వా! ఇంత దూరం ఎందుకొచ్చావయ్యా?"

"నా వల్ల పోయిన పని కదక్కా. ఫోనులో సారీ చెప్తే బాగుండదనిపించింది. పైగా మీరు పనిచేస్తుంటే ఓ గంట వినాలనుంది."

"పనిచేస్తుంటే వింటావా? గీతలకి చప్పుడేముంది?" అంటూనే కుర్చీ చూపించింది, చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

అతను కదలకుండా కూర్చున్నాడు. మౌసు టకటకలు వినిపించాయి. అయిదు నిమిషాలకు లోపలి గదిలోంచి బలహీనమైన గొంతు పిలిచింది. "అమ్మాయ్!" వెంటనే ల్యాప్‌టాపు మూత టప్పున పడింది, కుర్చీ కాళ్లు నేల మీద రాసుకున్నాయి. లోపల ఎవరినో పక్కకి ఒత్తిగిల్లబెడుతున్న చప్పుడు. పెద్దక్క మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటోందని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆమె తిరిగొచ్చి మూత తెరిచింది. మౌసు టకటకలు. మళ్లీ పిలుపు, మళ్లీ మూత. ఆ మూత ఎందుకు మూస్తోందని అడిగితే చెప్పింది.

"పిల్లి. కీబోర్డు మీద పడుకుంటుంది. మూయకపోతే నగరంలో గొట్టాలన్నీ అదే గీసేస్తుంది."

గంటలో ఆరుసార్లు మూత పడింది. ఆరుసార్లూ ఆమె ముందుగా సేవ్ చేసిందని మీటల చప్పుడు చెప్పింది. నిన్న మాత్రం అత్తగారు పొద్దున్నించి నిద్రపోతూ ఒక్కసారీ పిలవకపోవడంతో సేవ్ చేసే పనే పడలేదు. ఒక్కసారిగా ఆమెకి దగ్గు తెర వచ్చి ఊపిరందకపోతే, అన్నీ వదిలేసి పరుగెత్తింది.

"నిజం చెప్పనా తమ్ముడూ," అంది టీ గ్లాసు అతని చేతికి అందిస్తూ. "ఈ కప్పు కూలకముందు నేను సెలవు కాగితం రాసి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నా. ఏడాది సెలవు. ఇవ్వకపోతే మానేద్దామనే అనుకున్నా. ఇంట్లోంచి పని అనేసరికి దేవుడిలా దొరికిందనుకున్నా. నిన్న ఆ షీటు పోయాక మళ్లీ ఆ కాగితం తీశాను."

అతను టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇంకో రెండు రోజులు ఆ కాగితం సంచిలోనే ఉంచండక్కా."

బస్సులో వస్తున్నంతసేపూ ఆ మూత చప్పుడే చెవుల్లో ఉంది. పిలిస్తేనే లేపాలి, నిజమే. కానీ ఫోను పెట్టేసినంత మాత్రాన మాట అయిపోయినట్టు కాదు. మనిషి పొయ్యి దగ్గరికి వెళ్తుంది, మంచం దగ్గరికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. వచ్చేసరికి పెన్సిలు పెట్టినచోటే ఉండాలి.

చేతిపుస్తకంలో దానికీ దారి ఉంది. మొదటిసారి తొందరలో దాటేసిన భాగం అది. అప్పటిదాకా పర్యవేక్షకుడు ప్రతి పిలుపుకీ ఒక కొత్త తెరను లేపి, పిలుపు తెగితే దాన్ని పడుకోబెడుతున్నాడు. రెండో పద్ధతిలో మొదటి పిలుపు రాగానే తెరను లేపి, తలుపునే దానికి అప్పగించేస్తాడు. ఆ తర్వాత లైను తెగినా తెర అలాగే ఉంటుంది. మళ్లీ పిలిస్తే అదే తెర, అదే పటం, అదే గీత పలుకుతాయి. అయితే అలా వదిలేస్తే అందరి తెరలూ రోజంతా మేలుకునే ఉండి మళ్లీ మొదటికొస్తుంది. అందుకని గడువు పెట్టాడు. మనిషి వెళ్లాక రెండు గంటలపాటు ఎవరూ రాకపోతే తెర తనంతట తను మూసుకోవాలి. పటాన్ని పది నిమిషాలకోసారి దానంతటదే దాచేలా పటాల ప్రోగ్రాంలోనే ఒక వీలుంది. ఏనాడో ఎవరో ఆపేసిన దాన్ని మళ్లీ తెరిచాడు.

పరీక్షకి భార్య కూర్చుంది. ఈసారి అతను ఏమీ అడక్కముందే ఆమే చెప్పుకుపోయింది. "మన వీధి తెరిచాను. మలుపు దగ్గర ఎర్ర గీత ఒకటి గీశాను. ఇదిగో మూత మూసేస్తున్నా." లేచి వెళ్లి అయిదు కాలర్లు కుట్టి వచ్చింది. మూత తెరిచింది. "ఎర్ర గీత ఉంది. బాణం గుర్తు కూడా నేను వదిలినచోటే ఉంది." ఆమెకే ముచ్చటేసి మూడుసార్లు మూసి తెరిచింది.

గురువారం పెద్దక్కకి ఫోన్ చేసి, ఏదన్నా గీసి, సేవ్ చేయకుండా మూత వేయమన్నాడు.

"మళ్లీ పోతే?"

"పోతే నేను వచ్చి అత్తగారి దగ్గర కూర్చుంటా. మీరు గీసుకుందురుగాని."

మూత చప్పుడు ఫోనులో వినబడింది. కాసేపటికి మళ్లీ మూత చప్పుడు.

"ఉందయ్యా!" అని ఆమె అరిచిన అరుపుకి అతను ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ గొంతు అలా వినబడి చాలా రోజులైంది.

నెల తర్వాత ఒక పట్టపగలు, రైల్వే స్టేషను వెనక పెద్ద గొట్టం పగిలింది. వీధి వాగైంది, ఇళ్లలోకి నీళ్లు చేరాయి. నీళ్లు ఆపాలంటే రెండు వాల్వులు మూయాలి. ఒకటి కనబడుతూనే ఉంది. రెండోదాని మీద ఎప్పుడో రోడ్డు వేసేశారు. పంపుహౌసు మేస్త్రీ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోన్ చేశాడు. హాలు లేదు, బల్లలు లేవు, గోడకి పటం లేదు. ఆపరేటరు ఆ ప్రాంతం గీసినవాళ్లెవరో చిట్టాలో వెతికి ముగ్గురికి ఫోను కలిపాడు. అందులో ఒకామె పిల్లని బడి నుంచి తీసుకొస్తూ ఇంటి మలుపు దాకా వచ్చింది. ఇంకొకాయన నిద్రలో ఉన్నాడు. పెద్దక్క ఉన్నచోటే ఉంది. నాలుగైదు నిమిషాల తేడాలో ముగ్గురి తెరలూ లేచాయి. ఒకరు పాత సర్వే తీశారు, ఒకరు రోడ్డు వెడల్పు చేసినప్పటి కొలతలు తీశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని పెద్దక్క మేస్త్రీకి ఫోనులోనే దారి చెప్పింది.

"చెప్పు. నీకు కుడి పక్క దీపస్తంభం ఉందా? దానికి వీపు ఆనించి నిలబడు. ఎదురుగా పదకొండు అడుగులు వెయ్యి. నీ అడుగులు కాదు, కొలత అడుగులు. ఎడమకి నాలుగు. అక్కడ కొట్టు."

అక్కడే కొట్టారు. జానెడు లోతులో ఇనుప మూత టంగుమంది. ఆ చప్పుడు ఫోనులోంచి నలుగురూ విన్నారు. అరగంటకి నీళ్లు తగ్గుముఖం పట్టాయి. మేస్త్రీ తన సహజమైన గొంతుతో అరిచి మరీ అందర్నీ పేరుపేరునా మెచ్చుకున్నాడు. స్టోర్సు గుమాస్తా ఆ సాయంత్రం సర్వర్ గదికొచ్చి, ముక్కు ఎగబీల్చి, ఏమీ అనకుండా ఒక కొత్త కుర్చీ పెట్టి వెళ్లాడు. పాత కుర్చీ చెయ్యి విరిగి రెండేళ్లయిందని, కొత్తదానికి అతను మూడు అర్జీలు పెట్టుకున్నాడని గుమాస్తాకే తెలుసు.

హాలు అయిదో నెలలో బాగయింది. కొత్త బల్లలు, కొత్త దీపాలు. ఇక ఇళ్ల నుంచి పనిచేసే ఏర్పాటు తీసేద్దామా అని ఇంజనీరు అందర్నీ అడిగాడు. పద్నాలుగు మందిలో పదిమంది హాల్లోకే వస్తామన్నారు, ఇంట్లో పిల్లల గోల మధ్య గీయలేక వాళ్లు విసిగిపోయారు. నలుగురు మాత్రం తీయొద్దన్నారు. పెద్దక్క లేచి నిలబడి, తన సంగతి దాచుకోకుండా మొత్తం చెప్పింది. అత్తగారి మంచం, సంచిలో సెలవు కాగితం, అన్నీ.

"అది చింపేశారా?" అని అడిగాడు ఇంజనీరు.

"వెనక వైపు సామాను జాబితా రాసుకున్నా సార్."

ఏర్పాటు ఉండిపోయింది. కొత్తగా కొన్న కంప్యూటర్లలో కూడా ప్రోగ్రాం పెట్టనక్కర్లేదని, అన్నీ సర్వర్ తలుపులనే తట్టొచ్చని అతను చూపించాక, వరదగట్ల శాఖ వాళ్లు కూడా వచ్చి తమ మిషన్లో అలాగే పెట్టివ్వమని అడిగారు. అతను వెళ్లి రెండు రోజులుండి పెట్టివచ్చాడు. చేసిన పనంతా తేలిక మాటల్లో పదకొండు పేజీలుగా టైపు చేశాడు. ఎక్కడ తప్పు చేశాడో, ఎవరి పని పోయిందో, అది కూడా రాశాడు. ఆ భాగం తీసేస్తే బాగుంటుందేమో అని ఇంజనీరు అన్నాడు. అతను తీయలేదు.

ఏడాది చివర్లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఇంటికి తీసుకొచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆమె మిషను మీద నుంచి కాళ్లు తీసి, చేతులు తుడుచుకుని చదివింది. ఇన్నాళ్లూ కాగితాల్లో టెలిఫోను ఆపరేటరుగానే ఉన్న అతని హోదాను సిస్టం అడ్మినిస్ట్రేటరుగా మార్చారు.

"ఇంకోసారి చదువు."

ఆమె ఇంకోసారి చదివింది. "ఇక నుంచి మిమ్మల్ని ఏమని పిలవాలట? ఈ పేరు నా నోరు తిరగట్లేదు."

"నువ్వెప్పుడూ ఏమండీ అనే కదా పిలిచేది."

"అదీ నిజమే," అని ఆమె కాగితాన్ని మడత పడకుండా బీరువాలో, కొత్త చీర కింద పెట్టింది.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి అతను గది తాళం తీసి, కుర్చీలో కూర్చుని, చెవిలో గొంతు పెట్టుకున్నాడు. అప్పటికే మూడు తెరలు లేచి ఉన్నాయి. నాలుగోది లేస్తోంది.